పది రూపాయల టీకీ అదే పిన్ను

గౌరవనీయులైన భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

ప్రతి: నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా యాజమాన్యానికి

2025 ఆగస్టు ఒక్క నెలలోనే యూపీఐ, అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు ఫోను మీదనే క్షణాల్లో డబ్బు చేరవేసే ఏర్పాటు, తొలిసారిగా 2,000 కోట్ల లావాదేవీలను దాటింది. 2016 ఏప్రిల్ 11న ముంబయిలో అప్పటి గవర్నరు రఘురామ్ రాజన్ చేతుల మీదుగా ప్రయోగాత్మకంగా మొదలైన పద్ధతి పదేళ్లు నిండకుండానే ఇంత విస్తరించడం వల్ల వచ్చిన కీర్తి రిజర్వు బ్యాంకుకూ, ఈ వేదికను నడుపుతున్న కార్పొరేషన్‌కూ న్యాయంగా చెందవలసిందే; దానిని తక్కువ చేసే ఉద్దేశం ఈ లేఖకు లేదు. ఆ చెల్లింపులకు కాపలాగా పెట్టిన తనిఖీలు అక్కరలేని చోట అడ్డుపడి, అక్కరపడే చోట కనిపించకుండా పోతున్నాయనీ, వాటి బరువంతా చెల్లించేవారి నెత్తిమీదే పడుతున్నదనీ, ఆ బరువును సరిగ్గా పంచే అధికారం తమ చేతిలో ఉన్నదనీ విన్నవించడం దీని పని.

తాకకుండా చెల్లించడం అనే మాటకు తెలుగునాట ఉన్న అర్థాన్ని ముందుగా చెప్పుకోవాలి. చాలా దేశాల్లో అది కార్డునో ఫోనునో యంత్రం మీద ఆనించీ ఆనించకుండా చూపి డబ్బు కట్టడం. దాని వెనుక ఎన్ఎఫ్‌సీ అనే సాంకేతికత, అంటే 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద కొద్ది సెంటీమీటర్ల దూరంలో మాత్రమే పలికే రేడియో సంకేతం, పనిచేస్తుంది. మన దేశంలో ఈ పద్ధతిలో పిన్ను లేకుండా కట్టగల మొత్తాన్ని రిజర్వు బ్యాంకు 2021 జనవరి 1 నుంచి 2,000 రూపాయల నుంచి 5,000కు పెంచింది. అంతకు ఏడాది ముందే, 2020 జనవరిలో, కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఈ సదుపాయాన్ని ఆపివేసి ఇవ్వాలనీ, కావలసినవారు తామే తెరుచుకోవాలనీ ఆదేశించింది. ఇంటికి తాళం వేసి ఇచ్చి, తాళంచెవి ఇంటాయన చేతిలో పెట్టడం వంటి మంచి పద్ధతి అది. అయితే కార్డు చూపి కట్టే అలవాటు ఇక్కడ పెద్ద దుకాణాలనూ పెట్రోలు బంకులనూ దాటి ఎక్కువగా ముందుకు రాలేదు. వీధిలో జరిగేది వేరు. “ఫోన్‌పే కొట్టనా?” అని కొనేవారు అడగడం, “స్కానర్ అక్కడుంది చూడండి” అని అమ్మేవారు గడ్డంతో చూపించడం: ఇదే తెలుగువారి తాకని చెల్లింపు. సాంకేతికంగా స్కాన్ చేసేది ఫోను, గోడకు అంటించింది క్యూఆర్ కోడు. అయినా ఆ నలుపు తెలుపు గళ్ల కాగితానికే జనం స్కానర్ అని పేరు పెట్టేశారు, ఆ పేరే నిలిచింది.

ఆ గళ్ల చతురస్రాన్ని 1994లో జపాను దేశపు డెన్సో వేవ్ సంస్థ కార్ల విడిభాగాల లెక్క కోసం రూపొందించింది. అందులో రహస్యమేమీ దాగి ఉండదు. దుకాణం గోడ మీది కోడు ఉత్తరం కవరు మీద రాసిన చిరునామా వంటిది. డబ్బు ఏ ఖాతాకు చేరాలో చెప్పడం వరకే దాని పని, ఆ చిరునామాను ఎవరు రాశారో, ఎవరు అంటించారో అది చెప్పలేదు. పెద్ద దుకాణాల్లో బిల్లు వేసిన ప్రతిసారీ తెర మీద మొత్తంతో సహా కొత్త కోడు వెలుగుతుంది కాబట్టి అక్కడ మార్పిడికి అవకాశం తక్కువ. తోపుడు బండి మీద లామినేషన్ చేసి వేలాడదీసిన కోడు ఏళ్ల తరబడి అదే ఉంటుంది, రాత్రి బండి మీద టార్పాలిన్ కప్పి వెళ్లాక దాని మీద మరో కాగితం అంటించడానికి జిగురుసీసా ఒక్కటి చాలు. ఇటువంటి మార్పిడి మోసాలు దేశంలో పలుచోట్ల బయటపడ్డాయి. ఈ మోసంలో కొనుగోలుదారు తప్పేమీ చేయడు, పిన్ను సరైనదే, బ్యాంకు సరిగ్గానే పనిచేసింది. అన్ని తనిఖీలూ దాటుకుని డబ్బు తప్పు ఇంటికి చేరింది.

ఈ లోటును నిజానికి పూడ్చింది సౌండ్ బాక్సు. ఉదయం ఏడుగంటల వేళ ఏ రైతుబజారులోనైనా ఇది చూడవచ్చు. టమాటాల గుట్ట వెనుక కూర్చున్న మనిషి ఒక చేత్తో తక్కెడ పట్టుకుని, మరో చేత్తో కవరు విప్పుతూ, ఎదుట నిలబడినవారి ఫోను వైపు కన్నెత్తి చూడరు. కొన్నవారు తెర తిప్పి ఆకుపచ్చ టిక్కు చూపించబోతే “బాక్సు చెబుతుందిలెండి” అంటారు. తడి గోనెసంచి మీద పెట్టిన ఆ చిన్న డబ్బా “నలభై రూపాయలు అందాయి” అన్న అర్థం వచ్చే మాట తెలుగులో పలికాకే కవరు చేయి మారుతుంది. అది పలకకపోతే నాలుగు క్షణాలు ఇద్దరూ దాని వైపే చూస్తూ నిలబడతారు. చెల్లింపు జరిగినట్టు దొంగ తెర చూపించే నకిలీ యాప్‌ల నుంచి వేలమంది చిన్న వ్యాపారులను కాపాడింది ఈ డబ్బాయే. చదువు రానివారికీ, చూపు మందగించినవారికీ, చేతులు తడిగా ఉన్నవారికీ పనికివచ్చే తనిఖీ ఇదొక్కటే. అది తెలుగులో మాట్లాడుతుంది, పలికిన మొత్తాన్ని అమ్మినవారూ కొన్నవారూ పక్కనున్నవారూ కలిసి వింటారు. దీనికి నెలనెలా అద్దె కడుతున్నది ఆ కూరగాయల మనిషే అన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

ఇక చెల్లించేవారి వైపు తనిఖీలు మూడు. మొదటిది పరికర బంధం: యాప్ వేసుకున్న రోజున ఫోను తనంతట తానే ఒక సంక్షిప్త సందేశం పంపి, ఖాతాకు నమోదైన సిమ్‌కార్డు ఆ ఫోనులోనే ఉన్నదని రుజువు చేసుకుంటుంది కాబట్టి, తరువాత ఆ ఖాతా నుంచి ఆ పరికరం మీదనే చెల్లింపు సాగుతుంది. రెండవది ఫోను తాళం, అంటే వేలిముద్ర, ముఖం, లేదా గీత. మూడవది నాలుగో ఆరో అంకెల యూపీఐ పిన్ను. దానిని నొక్కే పుట కార్పొరేషన్‌ది, అంకెలు అక్కడికక్కడే గూఢలిపిలోకి మారి బ్యాంకుకు చేరతాయి, యాప్ కంపెనీకి అవి కనపడవు. చేతిలో ఉన్నది ఒకటి, మనసులో ఉన్నది ఒకటి కలిస్తేనే డబ్బు కదలాలన్న ఈ రెండంచెల నియమాన్ని ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రిజర్వు బ్యాంకు 2009లోనే తప్పనిసరి చేసింది. దొంగిలించిన కార్డు నంబరుతో వస్తువులు కొనేయడం ఇక్కడ అంత తేలిక కాకపోవడానికి కారణం ఆ దూరదృష్టే.

తాళం గట్టిది కావడంతో దొంగ తాళాన్ని వదిలేసి ఇంటాయన దగ్గరకు వచ్చాడు. ఇప్పటి మోసాల్లో అధికభాగం పిన్నును దొంగిలించేవి కావు, ఖాతాదారు చేతనే పిన్ను కొట్టించేవి. కరెంటు బిల్లు కట్టలేదని, పార్సిలులో నిషిద్ధ వస్తువు దొరికిందని, పాత మంచం కొంటామని, పొరపాటున డబ్బు పంపామని ఫోను వస్తుంది. ఒత్తిడిలోనో ఆశలోనో ఖాతాదారు తన వేలితో తన పిన్నును తన ఫోనులో నొక్కుతారు. వ్యవస్థ దృష్టిలో అది అన్ని విధాలా సక్రమమైన చెల్లింపు. “డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు, పోవడానికే కావాలి” అన్న వాక్యాన్ని బ్యాంకులు చెబుతూనే ఉన్నాయి. ఆ వాక్యం నిజమే. కానీ రోజుకు పదిసార్లు పిన్ను కొట్టే మనిషికి పిన్ను అనేది ఆలోచించి చేసే సంతకంగా మిగులుతుందా అన్న ప్రశ్నకు ఆ వాక్యంలో జవాబు లేదు.

ఈ లేఖ పట్టుబట్టి చెప్పదలచుకున్నది ఇక్కడ ఉంది. పది రూపాయల టీకి కొట్టే పిన్నూ, కూతురి కాలేజీ ఫీజు కోసం దాచిన 90,000 రూపాయలను ఎన్నడూ చూడని ఖాతాకు పంపేటప్పుడు కొట్టే పిన్నూ ఒకటే. తెర ఒకటే, రంగు ఒకటే, పట్టే సమయమూ ఒకటే. అడుగడుగునా అదే ప్రశ్న అడిగే కాపలావాణ్ని మనుషులు నాలుగో రోజు నుంచి వినడం మానేస్తారు. హైదరాబాదు మెట్రో స్టేషను ద్వారం దగ్గర సంచిని యంత్రంలోకి తోసి, అటువైపు తీసుకుని, మధ్యలో చెవి నుంచి ఫోను తీయకుండా నడిచిపోయే జనాన్ని చూసినవారికి ఇది విడమరిచి చెప్పనవసరం లేదు. అక్కడ కనీసం తెర వెనుక ఒక మనిషి కూర్చుని చూస్తుంటాడు. ఫోనులో ఆ మనిషి కూడా లేడు. పైగా ఆ పది రూపాయల పిన్నును టీ బండి చుట్టూ చేరిన నలుగురి మధ్య, నడినెత్తిన బల్బు వెలుగులో, పక్కవాడి మోచేయి తగులుతుండగా కొట్టాలి. పిన్ను అత్యంత బహిరంగంగా వాడేది అది అతి తక్కువ అవసరమైన చోటే.

దీనికి విరుగుడు తెలియక జరుగుతున్నదని అనలేం. 2022 సెప్టెంబరులో వచ్చిన యూపీఐ లైట్, అంటే కొద్ది మొత్తాన్ని ముందే విడిగా పెట్టుకుని పిన్ను లేకుండా చిల్లర ఖర్చులు చేసుకునే ఏర్పాటు, సరిగ్గా ఈ ఆలోచన నుంచే పుట్టింది. మొదట ఒక చెల్లింపుకు 200 రూపాయలుగా ఉన్న పరిమితి తరువాత 500కు, ఆపైన 1,000కి పెరిగింది. మొత్తం నిల్వ 5,000 వరకూ ఉంచుకోవచ్చు. తాతలు పంచె మడతలో చిల్లర వేరుగా, పెట్టెలో నోట్లు వేరుగా పెట్టుకున్న లెక్కే ఇది. ఫోను పోయినా పోయేది మడతలోది మాత్రమే. అయితే యాప్‌లలో ఇది ఎక్కడో మూలన, పేరు చూసి పనేమిటో పోల్చుకోలేని విధంగా పడి ఉంటుంది. అపాయాన్ని బట్టి తనిఖీ అన్న సూత్రంలో సగమే అమలైంది. చిన్న చెల్లింపుకు తనిఖీ తగ్గింది, పెద్ద అపాయానికి తనిఖీ పెరగలేదు.

పెరిగినట్టు కనిపించే ఒక చోటు పేరు. 2025 జూన్ ఆఖరు నుంచి చెల్లింపు తెర మీద గ్రహీత తనకు తాను పెట్టుకున్న ముద్దుపేరు కాక, బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే చూపాలని కార్పొరేషన్ ఆదేశించింది. ఉద్దేశం చక్కనిది. కానీ తెలుగువారి పేర్ల సంగతి ఆదేశం రాసినవారికి ఎవరైనా చెప్పి ఉండవలసింది. బోర్డు మీద అమ్మవారి పేరుతో కిరాణా కొట్టు. ఖాతా ఆ కొట్టు యజమాని భార్య పేరున. ఆమె పేరు బ్యాంకులో ఇంటిపేరుకు రెండక్షరాలు, తాతమ్మ పేరుకు ఒకటి, దేవుడి పేరుకు ఒకటి కలిపి నాలుగు పొడి ఇంగ్లీషు అక్షరాల తరువాత సగంలో తెగిపోయి ఉంటుంది. తెర మీద ఆ అక్షరాలు చూసిన కొనుగోలుదారు “ఎవరండీ ఈ పేరు?” అని అడిగితే “మా ఆవిడే, కొట్టేయండి” అని జవాబు వస్తుంది. రోజూ నిజమయ్యే ఆ జవాబే, ఏదో ఒక రోజు మోసగాడి నోటా వస్తుంది. పేరు చూపడం వల్ల తనిఖీ బ్యాంకు నుంచి కొనుగోలుదారుకు బదిలీ అయింది. పోల్చి చూసుకోవడానికి ఆధారమేదీ దానితోపాటు రాలేదు. ఆ పేరును తెలుగు లిపిలో చూపడం, ఆ ఖాతా ఎంతకాలంగా ఉన్నదో, చెల్లించేవారు దానికి గతంలో ఎప్పుడైనా డబ్బు పంపారో లేదో పెద్ద అక్షరాలతో చెప్పడం సాంకేతికంగా బ్యాంకులకు కష్టమైన పని కాదు.

భాష విషయానికి వచ్చినప్పుడు తెలుగులో యాప్‌లు ఉన్నాయి కదా అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఉన్నాయి. వాటిలో లావాదేవీ తిరస్కరించబడుతుంది, ప్రామాణీకరణ విఫలమవుతుంది, లబ్ధిదారు ధృవీకరించబడడు. ఈ మాటలు తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లీషు వాక్యాలు. వీటిని చదివి అర్థం చేసుకోగలిగినవారికి ఇంగ్లీషు తెరే సుఖంగా ఉంటుంది. బజారులో ఈ సంగతులన్నిటికీ మాటలు ఎప్పుడో పుట్టాయి: డబ్బు పడింది, పడలేదు, కట్ అయింది కానీ పడలేదు, తిరిగొచ్చింది, సర్వరు బిజీ. “మీ ఖాతా నుంచి 9,000 రూపాయలు పోతాయి, సరేనా?” అని అడిగే తెర వందమందిలో కొందరినైనా ఆపుతుంది. బ్యాంకు పంపే సంక్షిప్త సందేశం మరీ దారుణం. డెబిట్ అయిందో క్రెడిట్ అయిందో తేల్చుకోవడానికి దానిని పట్టుకుని పక్కింటి పిల్లవాడి దగ్గరకు వెళ్లే పెద్దలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. హెచ్చరిక అర్థం కాకపోతే అది హెచ్చరిక కాదు, బ్యాంకు తన రికార్డు కోసం రాసుకున్న చీటీ.

కట్ అయి పడని డబ్బు గురించి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న స్పష్టమైన గడువులు పెట్టింది. వ్యక్తికి పంపిన డబ్బు చేరకపోతే మరుసటి రోజులోగా, దుకాణానికి కట్టింది ఖరారు కాకపోతే ఐదు రోజుల్లోగా వెనక్కు రావాలి. ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం, ఖాతాదారు అడగకుండానే, ఇవ్వాలి. ఈ నియమం ఉన్నదని తెలిసిన ఖాతాదారులు అరుదు. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ స్తంభించినప్పుడు హోటళ్ల గల్లాల దగ్గర నిలబడిపోయినవారిలో జేబులో నోటు లేనివారే ఎక్కువ. ఈ స్తంభనల తరువాత, ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి నిల్వ చూసుకోకూడదన్న పరిమితి వచ్చింది. అన్ని సార్లు ఎవరు చూసుకుంటారని నగరంలో నవ్వుకున్నారు. సౌండ్ బాక్సు అద్దె భరించలేని చిన్న బండివాళ్లు బేరం బేరానికీ డబ్బు పడిందో లేదో తేల్చుకోవడానికి చూసుకుంటారన్నది ఆ నవ్వినవారికి తట్టలేదు. వ్యవస్థ భారం తగ్గించుకోవడానికి పెట్టిన పరిమితి పేదవాడి తనిఖీ మీదకు వెళ్లి కూర్చుంది.

ఫోను అంటే ఒక్క మనిషి, పిన్ను అంటే ఒక్క బుర్ర అన్న లెక్క మీద నియమాలు నడుస్తాయి. తెలుగు ఇళ్లు అలా నడవవు. ఇంట్లో స్మార్టుఫోను ఒకటే అయితే అది ఉదయం నాన్నది, మధ్యాహ్నం అమ్మది, సాయంత్రం పిల్లలది. నాయనమ్మ పింఛను ఖాతా పిన్ను మనవడికి తెలుసు, ఎందుకంటే పెట్టింది వాడే. తరచు అది వాడి పుట్టిన సంవత్సరమే అయి ఉంటుంది. పిన్ను ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు చెప్పే మాట ఆ ఇంట్లో వర్తించదు, వర్తింపజేస్తే ఆమెకు మందులు రావు. 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్ ద్వారా ఒకరు తన ఖాతా నుంచి ఇంటివారు నెలకు 15,000 రూపాయల వరకు వాడుకునేలా అనుమతించవచ్చు. ఈ వాస్తవాన్ని గుర్తించిన తొలి అడుగుగా దానిని మెచ్చుకోవాలి. దానికి తిరగేసిన రూపం ఇంకా కావాలి: పెద్దావిడ పంపబోయే పెద్ద మొత్తానికి మాత్రం, ఆమె ముందే కోరుకున్న పక్షంలో, కొడుకో కూతురో ఫోనులో సరే అనేదాకా డబ్బు ఆగడం. బటన్ ఫోను ఉన్నవారికి 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ఉన్నది; మీసేవా కేంద్రం ముందు వరుసలో నిలబడినవారిని దాని గురించి అడిగి చూస్తే అది ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

2025 అక్టోబరు నుంచి పిన్నుకు బదులు ఫోనులోని వేలిముద్రతోనో ముఖంతోనో చెల్లింపును ఖరారు చేసే వీలు వచ్చింది. నలుగురిలో అంకెలు నొక్కే ఇబ్బంది తప్పుతుంది కాబట్టి మంచిదే. కానీ వేలిముద్రల విషయంలో తెలుగు రాష్ట్రాలకు దేశంలో ఎవరికీ తీసిపోని అనుభవం ఉంది. రేషను దుకాణాల్లో ఈపాస్ యంత్రం మీద బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపువేలు వరుసగా పెట్టి, చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టి, “ముద్ర పడలేదు, రేపు రా” అనిపించుకున్నవారిలో తాపీ పనివారూ, బీడీలు చుట్టే ఆడవారూ, వరి కోతల కూలీలూ ఎక్కువ. 2018లో పెద్దపల్లి జిల్లాలో భూముల రిజిస్ట్రేషను పత్రాల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌కార్డులు క్రియాశీలం చేసిన ఉదంతమూ బయటపడింది. పిన్ను పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర పోతే మార్చుకోలేం. ఫోను లోపలే ఉండిపోయే వేలిముద్రకూ, ఆధార్‌తో పోల్చే వేలిముద్రకూ తేడా చాలా ఉన్నది. రెంటినీ ఒకటిగా భావించి మొదటిదానికి భయపడేవారికీ, రెండవదానిని నిర్భయంగా ఎక్కడపడితే అక్కడ పెట్టేవారికీ ఆ తేడాను విడమరిచి చెప్పడం బ్యాంకుల బాధ్యత.

గల్ఫులో ఉన్న తెలుగువారి మాట ఒక్కటి. విదేశీ ఫోను నంబరుతోనే యూపీఐ వాడుకునేందుకు 2023 జనవరిలో పది దేశాలను అనుమతించారు. సౌదీ అరేబియా, ఎమిరేట్లు, ఖతార్, ఒమన్ అందులో ఉన్నాయి, కడప, గోదావరి జిల్లాల నుంచి తరాలుగా వెళుతున్న కువైట్ లేదు. అక్కడివారు ఊళ్లోని బంధువు చేతిలో తమ సిమ్మును, దానితోపాటు ఖాతానూ పెట్టి వెళ్లవలసి వస్తే పరికర బంధం అన్న తనిఖీకి అర్థమేమి మిగిలింది?

అన్నిటికంటె బరువైన సంగతి నష్టం ఎవరిదన్నది. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఖాతాదారులకు దొరికిన గట్టి రక్ష. బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే ఖాతాదారుకు పైసా నష్టం ఉండకూడదు. లోపం ఇద్దరిదీ కాక మూడోవాడి వల్ల జరిగితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికీ నష్టం ఉండకూడదు. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఖాతాదారుదే తప్పని రుజువు చేసే భారం బ్యాంకుదే. కానీ ఇదంతా అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకు. మోసపోయి తన చేతితో పిన్ను కొట్టినవారికి అనుమతి ఇచ్చినవారని పేరు. పిన్నును ఇతరులకు చెప్పినవారి విషయంలో, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా వారిదే. దొంగ పద్ధతి మారిన తరువాత కూడా రక్ష పాత పద్ధతికే ఉండిపోయింది. వాన దిశ మారినా గొడుగు పాత వైపే పట్టి ఉన్నట్టు.

ఇది మార్చలేని ప్రకృతి నియమమేమీ కాదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తామే డబ్బు పంపినవారికి కూడా 85,000 పౌండ్ల పరిమితికి లోబడి సొమ్ము తిరిగి ఇవ్వడం తప్పనిసరి అయింది. ఆ భారాన్ని పంపిన బ్యాంకూ, అందుకున్న బ్యాంకూ చెరిసగం మోయాలి. ఆ రెండో సగంలోనే కిటుకంతా ఉంది. మోసగాడికి ఖాతా తెరిచి ఇచ్చిన బ్యాంకు జేబు నుంచి డబ్బు పోతుందంటే, ఆ బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడే కళ్లు తెరుస్తుంది. మన దగ్గర దోచిన డబ్బు చేరేది అద్దె ఖాతాలకు, అంటే కమీషను ఆశ చూపి చదువుకునే కుర్రాళ్ల చేతా కూలీల చేతా తెరిపించి, పాసుపుస్తకమూ సిమ్మూ తీసేసుకున్న ఖాతాలకు. నిన్నటిదాకా రెండు వేలు దాటని ఖాతాలోకి ఒక్క పూటలో లక్షలు వచ్చి, నిమిషాల్లో పదిచోట్లకు చెదిరిపోతే అది గమనించగల స్థానంలో ఉన్నది ఆ బ్యాంకు ఒక్కటే. ఇటువంటి ఖాతాలను పసిగట్టే మ్యూల్‌హంటర్ అనే పనిముట్టును రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థే తయారుచేసి 2024 డిసెంబరులో ప్రకటించింది కాబట్టి సాధనం లేదన్న సాకు కూడా లేదు. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు గంటలోపు ఫోను చేసినవారి డబ్బును ఎక్కడికక్కడ నిలిపివేయించే ఏర్పాటు ఉంది; అయితే తాను మోసపోయానని మనిషి గ్రహించడానికే ఆ గంట సరిపోదు, సిగ్గుతో ఇంట్లో చెప్పడానికి మరో రోజు పడుతుంది.

రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు 25న ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్దేశించిన కొత్త ధ్రువీకరణ ఆదేశాలు ఈ దిశలో తలుపు కొంత తెరిచాయి. అపాయాన్ని బట్టి, అంటే చోటు, పరికరం, ఖాతాదారు అలవాటు వంటివి చూసి, కనీస రెండంచెలకు మించి తనిఖీ పెట్టే వీలును అవి బ్యాంకులకు ఇస్తున్నాయి. ఆ ఆదేశాలు పాటించకపోవడం వల్ల నష్టం జరిగితే పూర్తిగా చెల్లించాలనీ చెబుతున్నాయి. వీలు ఇచ్చిన చోట విధి అని రాయడమే మిగిలింది. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే అభ్యర్థన, అంటే అవతలివాడు అడిగితే ఇవతలివారు పిన్ను కొట్టి ఇచ్చే సదుపాయం, మోసాలకు దారి అవుతున్నదని 2025 అక్టోబరు 1 నుంచి కార్పొరేషన్ తీసివేసినప్పుడు ఎవరి వ్యాపారమూ ఆగలేదు. ఆలస్యంగా జరిగినా, ఈ దశాబ్దంలో చేసిన అతి మంచి భద్రతా చర్య అదేనన్నది ఈ లేఖ అభిప్రాయం.

కాబట్టి గవర్నరు గారికి చేస్తున్న విన్నపం పొడుగైనది కాదు. ఖాతాదారు ఎన్నడూ డబ్బు పంపని ఖాతాకు, వారి అలవాటుకు మించిన మొత్తం వెళ్లబోయేటప్పుడు ఆ చెల్లింపు కొంతసేపు ఆగేలా, ఆగినంతసేపు రద్దు చేసుకునే వీలు ఉండేలా, ఆ ఆగడం ఎందుకో ఖాతాదారు భాషలో, వారు మాట్లాడే మాటల్లో, వినిపించేలా బ్యాంకులను ఆదేశించాలి; సౌండ్ బాక్సుకు చేతనైన తెలుగు బ్యాంకుకు చేతకాకపోవడానికి కారణం లేదు. డబ్బు అందుకున్న బ్యాంకును నష్టంలో భాగస్వామిని చేయాలి. 2017 జూలై 6 నాటి ఉత్తర్వులో అనుమతి లేని లావాదేవీ అన్న మాటకు ఉన్న అర్థంలోకి మోసం చేసి తీసుకున్న అనుమతిని కూడా చేర్చాలి. ఈ మూడింటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు; 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం కింద రిజర్వు బ్యాంకుకు ఉన్న అధికారమే చాలు.

ఇట్లు,
ఒక ఖాతాదారు